గోడ మీద మా మరదలు

ఫోను కొత్తదై, ఉద్యోగం ఇంకా రాని వయసొకటి ఉంటుంది మనిషికి. ఆ వయసులో మనం చేసే పనేమీ ఉండదు గాని, చేసిందల్లా లోకానికి అవసరమేనని గట్టిగా నమ్ముతాం. నేను ఖరగ్‌పూర్‌లో, ఖరిదాలో, మా డాబా మీద కూర్చుని రైల్వే పరీక్షలకు చదువుతున్నానని మా నాన్న నమ్మిన రోజులవి. నిజానికి నేను పిట్టగోడ మీద వాలే కాకుల్ని ఫోటోలు తీస్తుండేవాణ్ణి. కాకులకు నా మీద విసుగు పుట్టి వేరే డాబా చూసుకున్నాక, ఊళ్లో గోడల మీద బొమ్మలు తియ్యడం మొదలుపెట్టాను. వాటికోసం నెట్‌లో ఒక పేజీ కూడా తెరిచాను. దాన్ని చూసేవాళ్లు మా అమ్మ, వీధి చివర సెలూన్ దాదా (బెంగాలీలో దాదా అంటే అన్న), ఇంకెవరో ముక్కూ మొహం తెలియని ఒకాయన. ఆ తెలియని ఆయన ప్రతి ఫోటో కిందా 'సూపర్ భాయ్' అని రాసేవాడు. (తర్వాత తెలిసింది, ఆయన అందరి ఫోటోల కిందా అదే రాస్తాడట.) ఆ రెండు మాటల కోసం నేను ఎండనక వాననక ఊరంతా తిరిగేవాణ్ణి.

ఊళ్లో గోడల మీద బొమ్మల్లో సగం మా మేనమామవే. ఆయన రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. రైలు పెట్టెల మీద అంకెలూ అక్షరాలూ రాయడం డ్యూటీ. సెలవొస్తే బడి గోడలు, క్లబ్బు గోడలు, ఆస్పత్రి గోడలు. వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. పెట్టెను బాగు చేసి రంగేసి పంపేటప్పుడు, పని పూర్తయిన తేదీ, మళ్లీ వర్క్‌షాపుకు రావలసిన తేదీ పెట్టె చివర రాస్తారు. చేతికి పట్టిన అలవాటు గోడల దగ్గరా మామయ్యను వదల్లేదు. బడి గోడ మీద సరస్వతీదేవిని వేసి, పాదాల కింద రంగేసిన తేదీ, మళ్లీ రావలసిన తేదీ రాసిపెట్టాడు. అంటే అమ్మవారు ఏడాది తిరిగేసరికి ఓవర్‌హాలింగ్‌కు వెళ్లాలన్నమాట. ఊరంతా నవ్వేది. మామయ్యా నవ్వేవాడు. అంతకంటే పెద్ద నవ్వులాట ఇంకొకటి ఉండేది. ఆయన వేసిన ఆడవాళ్లందరికీ ఒకటే మొహం, మా అత్త మొహం. పెళ్లాన్ని ఊరంతా నిలబెట్టిన మగాడు అని వర్క్‌షాపు వాళ్లు ఆటపట్టించేవారు. అత్త ఆ గోడల వైపు చూడకుండా తలొంచుకుని నడిచేది. కూరలకెళ్తే నాకు నేనే ఎదురొస్తన్నాను, ఇదేటి ఖర్మ అని విసుక్కునేది గాని, ఆ విసుగులో కాస్త మురిపెం కూడా ఉండేదని మా అమ్మ అంటుంది.

మామయ్య పోయిన మరుసటి ఏడాది ఎన్నికలొచ్చాయి. మా దగ్గర ఎన్నికలంటే ముందు తేలేది అభ్యర్థులు కాదు, గోడలు. ప్రతి పార్టీ వాళ్లూ తమకు నచ్చిన గోడకు సున్నం కొట్టి, ఓ మూల తమ పేరు రాసి పెట్టుకుంటారు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం లాంటిదే. ఆ తర్వాత తీరిగ్గా వచ్చి గుర్తులూ పేర్లూ రాసుకుంటారు. సున్నం కింద ఎవరి బొమ్మ పోయిందో పట్టించుకునేవాడు ఉండడు. ఆ ఏడు సున్నం బకెట్లు బయటికొచ్చాయని తెలిసిన రోజే అత్త మా ఇంటికొచ్చింది. (మా పెరటి గోడకు అటువైపు వాటాలోనే ఉండేది. రావడమంటే మామూలుగా గోడ మీంచి కేకెయ్యడమే. ఆ రోజు వీధి చుట్టూ తిరిగి గుమ్మంలోంచి వచ్చింది.) అల్లుడా, నీ ఫోనుతో నాకో పనున్నాది అంది.

పనేమిటంటే, బుజ్జిని వెతకాలి. బుజ్జి వాళ్ల ఒక్కగానొక్క కూతురు, నా మరదలు. నాకంటే కొన్ని నెలలు చిన్న. మా ఇద్దరినీ ఒకే ఉయ్యాల్లో వేసేవారట, నేను దాని జుట్టు పీకేవాణ్ణట. బుజ్జి ఏడాది నిండకుండానే జ్వరంతో చనిపోయింది. ఆ తర్వాత వాళ్లకు మళ్లీ పిల్లలు కలగలేదు. బుజ్జికి ఒక్క ఫోటో కూడా లేదు. ఏడాది నిండని బిడ్డకు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఇంట్లో పెద్దవాళ్లు తియ్యనివ్వలేదు. మొదటి పుట్టినరోజున గోల్‌బజార్‌లో స్టూడియోకు తీసుకెళ్దామని గౌను కూడా కొని ఉంచారు. ఫోటో తియ్యకుండా దాచిపెట్టిన ఆ ఆయుష్షు ఎక్కడికి పోయిందో, ఇప్పుడెవర్ని అడగాలి? మామయ్య ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో అత్త చెయ్యి పట్టుకుని, బుజ్జి గోడ మీదున్నాది, సూసుకో అన్నాడట. ఏ గోడో చెప్పేలోపే మగత కమ్మేసింది.

"దాని మొకం నాకు గుర్తు రావట్లేదురా," అంది అత్త. "కళ్లు మూసుకుంటే ఆ గౌను అవుపిస్తాది. మొకం రాదు. సున్నం ఏసీకముందే ఓసారి సూడాల."

నేను వెంటనే ఒప్పుకున్నాను. జాలిపడి ఒప్పుకున్నానని రాసుకోవాలని ఉంది గాని, అందులో సగం నా పేజీకి కొత్త సరుకు దొరుకుతుందన్న ఆశే. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. స్కూటీ నాది (అంటే నాన్నది), వెనక సీటు అత్తది. ఆవిడ పక్కకు తిరిగి కూర్చుని, ఒళ్లో మరమరాల సంచీ పెట్టుకుని, రెండో చేత్తో గొడుగు తెరిచి పట్టుకుంది. స్కూటీ కదిలాక గొడుగెందుకత్తా అంటే, ఎండ కదలట్లేదు కదరా అంది. గాలికి గొడుగు వెనక్కి లాగుతుంటే, నేను ముందుకు తోలుతుంటే, మేం ముందుకెళ్తున్నామో వెనక్కెళ్తున్నామో దారిలో జనానికి అర్థం కాలేదు.

చంటిపిల్ల బొమ్మ ఎక్కడుంటే అక్కడ ఆగాలన్నది అత్త హుకుం. ఆస్పత్రి గోడ మీద టీకా వేయించడానికి బిడ్డనెత్తుకొచ్చిన తల్లి ఉంది. తల్లి అచ్చం అత్తే. బిడ్డను అత్త దగ్గరగా, దూరంగా, గొడుగు పక్కనపెట్టి, కళ్లజోడు తుడుచుకుని చూసింది. కాదు, ఇది ఎవుల పిల్లాడో అని తీర్పు చెప్పింది. గుడి వెనక వెన్నముద్ద తింటున్న చిన్నికృష్ణుడున్నాడు. మగపిల్లాడే గదా అంటే, దేవుడికి ఆడేటి మగేటి, జరుగు అని నన్ను తోసి చూసింది. అదీ కాదు. సబ్బు ప్రకటన వేసిన గోడ మీద నురగలో కూర్చున్న పాప ఉంది. బుగ్గలు మరీ ఉబ్బరంగా ఉన్నాయి, మన పిల్ల ఇంత లావు లేదు అంది. కాదన్న ప్రతిసారీ ఆవిడ గొంతు కొంచెం తగ్గేది. కాదనడానికి ఆవిడకు ధైర్యం కావాలి. అసలు మొహం గుర్తులేని మనిషి, ఇది కాదు అని ఎలా చెబుతోందని నేనొక్కసారి అడగబోయి, నాలుక కరుచుకున్నాను.

దారిలో మామయ్య వేసిన మిగతా బొమ్మలు కూడా తగిలాయి. అవి అత్తకు అక్కర్లేదు, నాకు కావాలి. బడి గోడ మీద పలక పట్టుకున్న పిల్ల, క్లబ్బు గోడ మీద తాడాట ఆడే పిల్ల, లైబ్రరీ సందులో సైకిల్ తొక్కే రెండు జడల అమ్మాయి, ఆ తర్వాత సరస్వతి. అన్నింటికీ అత్త మొహమే. నాలోని కళాకారుడికి అప్పుడు ఒక గొప్ప ఊహ వచ్చింది. ప్రతి బొమ్మ పక్కనా అత్తను నిలబెట్టి తీస్తే? అప్పటి అత్త, ఇప్పటి అత్త. ఆవిడ వద్దంది. ఫోటోలో మనిషి ఉంటేనే బొమ్మ ఎంత పెద్దదో తెలుస్తుందత్తా అని నాకే సరిగ్గా తెలియని విషయం చెప్పి నిలబెట్టాను. ఆవిడ ప్రతిదాంట్లోనూ పైట మొహానికి అడ్డం పెట్టుకుని, గోడకు ఎడంగా, పోలీసులు నిలబెట్టిన మనిషిలా నిలబడింది. ఎదురుగా టీ దుకాణం దాదా 'బౌదీ, హాసున్' అని అరిచాడు. నవ్వండి వదినా అంటున్నాడని తెలిసి కూడా అత్త నవ్వలేదు. సాయంత్రం మలంచా రోడ్డులో ఇంజిను తలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ అమ్మాయి బొమ్మ దాటాం. ఆడపిల్లల చదువు గురించి వేయించిన గోడ అది. అక్కడ చంటిపిల్లలెవరూ లేరు పద అంది అత్త. నా ఫోనులో చార్జింగు కూడా అయిపోవడంతో, ఆగకుండా వచ్చేశాం.

ఇంటికొచ్చి ఫోను చార్జింగులో పెట్టి ఫోటోలు చూస్తే ఏదో తేడాగా ఉంది. ఒక నల్లచుక్క. పలక పిల్ల ఫోటోలో ఉంది, తాడాట పిల్ల ఫోటోలో ఉంది, సరస్వతి ఫోటోలోనూ ఉంది. తెర మీద మరకేమోనని చొక్కా అంచుతో తుడిచాను. లుంగీతో తుడిచాను. అమ్మ పూజ గదిలోంచి దూది తెచ్చి తుడిచాను. చుక్క పోలేదు, అంటే లెన్సే పాడైందన్నమాట. కొన్న ఫోను ఇంకా కొత్తదే, నాన్నకు చెబితే ఇంట్లోంచి ముందు నేను పోతాను. మర్నాడు పొద్దున్నే గోల్‌బజార్‌లో మొబైల్ దుకాణానికి పరిగెత్తాను. దుకాణం దాదాతో దెబ్బలాడాను కూడా. ఆయన ఓపిగ్గా నా ఫోనుతో తన కాలిక్యులేటర్‌ను ఫోటో తీశాడు, చేపల బజారును తీశాడు, చివరికి కోపంతో ఎర్రబడ్డ నన్ను తీశాడు. ఎక్కడా చుక్క లేదు. క్యామెరా ఠీక్ హై, దాగ్ దీవార్ మే హోగా అన్నాడు. మచ్చ గోడ మీదే ఉంటుందని. అన్ని గోడల మీదా ఒకే మచ్చ ఎలా ఉంటుందయ్యా అని గొణుక్కుంటూ తిరిగొచ్చాను.

అత్త వాళ్ల వరండాలో బియ్యం ఏరుకుంటోంది. నా గోడు వెళ్లబోసుకుంటూ ఫోటోను రెండు వేళ్లతో లాగి పెద్దది చేసి చూపించాను. సరస్వతి ఎడమ చెంప మీద, చెవి తమ్మెకు కొంచెం కింద, బియ్యపు గింజంత నల్లచుక్క. తుడిస్తే పోయేది కాదు, కుంచెతో పెట్టింది. సైకిల్ అమ్మాయికీ అక్కడే. పలక పిల్లకూ అక్కడే. ఆస్పత్రి గోడ మీద బిడ్డనెత్తుకున్న తల్లికి మాత్రం లేదు. దేవతకు దిష్టిచుక్క పెట్టినవాణ్ణి మామయ్యనొక్కణ్ణే చూశానని నవ్వాను. అత్త నవ్వలేదు. చేటలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నానెప్పుడూ పెట్టలేదురా చుక్క," అంది. "నా సెయ్యి వణికి పెద్దదైపోద్దని మీ మావయ్యే పెట్టీవోడు. డూటీకి ఎల్లీముందు. బుగ్గ మీద పెడితే ముద్దెట్టుకున్నప్పుడు నా మొకానికి అంటుకుంటాదని, అదిగో, చెవి కింద పెట్టీవోడు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడే నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ వేళ్లకు తెర జరపడం రాక అవస్థ పడుతూ, ఒక్కొక్క బొమ్మా కింది దాకా చూసింది. పలక పిల్ల కింద తేదీ, తాడాట పిల్ల కింద తేదీ, సైకిల్ అమ్మాయి కింద తేదీ. సంవత్సరాలు వేరు. నెల ఒక్కటే, బుజ్జి పుట్టిన నెల. నేను పలక పట్టిన ఏడు అదీ పలక పట్టింది. నేను సైకిల్ నేర్చుకుని మోకాళ్లు చెక్కుకున్న ఏడు అదీ సైకిలెక్కింది. మళ్లీ రావలసిన తేదీ అని రాసినచోటల్లా ఆ మరుసటి ఏడు అదే నెల. మేమేమో ఊరంతా చంటిపిల్ల కోసం వెతికాం. మామయ్య ఆ పిల్లను చంటిగా ఉంచలేదు. ఊరు నవ్వుతుంటే తానూ నవ్వుతూ, పెళ్లాం బొమ్మ అనుకుంటే అనుకోనిచ్చి, ఏడాదికోసారి గోడ మీద పెంచుకుంటూ వచ్చాడు. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. చెబితే ఈవిడ రోజూ వెళ్లి ఆ గోడల దగ్గర కూర్చుంటుందని భయపడ్డాడేమో. నాకు ఏడుపొచ్చింది. అత్తకు రాలేదు. పెద్దయ్యాక నా మొకమే వచ్చిందన్నమాట దానికి అని మాత్రం అంది. ఆ మాట అంటుంటే ఆవిడ గొంతులో, ఇన్నేళ్లలో నేను వినని గర్వం.

ఆ వెంటనే ఇద్దరికీ మలంచా రోడ్డు గుర్తొచ్చింది. ఇంజిను దగ్గర అమ్మాయి. అన్నిటికంటే కొత్త బొమ్మ, మామయ్య పోయే ముందు ఏడు వేసింది. ఈ మాటు గొడుగు లేదు, మరమరాలు లేవు. మిట్టమధ్యాహ్నం ఎండలో స్కూటీ మీద అత్త నా భుజం పట్టుకుని, ఇంకా జోరుగా తోలు అంటూనే ఉంది. (అంతకుముందు రోజు నేను కాస్త వేగం పెంచితే గణపతి దండకం అందుకున్న మనిషి.) మేం వెళ్లేసరికి గోడ తెల్లగా ఉంది. సున్నం ఆరిపోయి మెరుస్తోంది. నలుగురు మనుషులు బకెట్లు సర్దుకుంటుంటే, వాళ్లలో మీసాలాయన ఓ మూల పార్టీ పేరు దిద్దుతున్నాడు.

అత్త దిగి నేరుగా ఆయన దగ్గరికెళ్లింది. తెలుగూ బెంగాలీ హిందీ ఏది ముందొస్తే అది మాట్లాడింది. మాషీమా (పిన్నమ్మా), గోడ బుక్కైపోయింది, మాదేం తప్పు అన్నాడు ఆయన. గోడ మీరే ఉంచుకోండి, నాకు బకెట్టు నీళ్లు చాలు అంది అత్త. ఎందుకని అడిగాడు. మేరీ బేటీ హై అందర్, లోపల నా కూతురున్నాది అంది. ఆయన గోడ వంక చూశాడు, అత్త వంక చూశాడు. తనే కుళాయి దగ్గరికెళ్లి బకెట్టు నింపి తెచ్చాడు. పెయింటరు పెళ్లాం గదా, అత్తకు సున్నం సంగతి తెలుసు. ఒక్క పూతే అయితే, తడిసిందంటే అడుగున ఉన్నది పైకి కనిపిస్తుంది. ఆవిడ దోసిళ్లతో నీళ్లు మెల్లగా గోడ మీద పోసింది, పసిపిల్లకు తలంటుతున్నట్టు.

ముందు ఇంజిను తలుపు వచ్చింది. తర్వాత జెండా. తర్వాత అమ్మాయి మొహం, దాని చెవి కింద చుక్క. అత్త కంటే కొంచెం పొడుగు, నవ్వేటప్పుడు పెదవి ఒక పక్కకు పోతుంది, ఆ నవ్వు మామయ్యది. నా ఈడు అమ్మాయి. సున్నం వేసిన మనుషులు కూడా చేతులు తుడుచుకుని నిలబడిపోయారు. అత్త చాలాసేపు చూసింది. గోడను మాత్రం ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా తన చీర చూసుకుని కంగారుపడింది. అల్లుడా, ఫోటో తియ్యి, ఉండు ఉండు అని బకెట్టులో మిగిలిన నీళ్లతో మొహం కడుక్కుంది. స్కూటీ అద్దంలో బొట్టు సరిచేసుకుంది. ముడి విప్పి మళ్లీ వేసుకుంది. కుచ్చెళ్లు దులిపి సర్దుకుంది. ఇన్ని ఫోటోలకు ఒక్కదానికీ మొహం మీంచి పైట తియ్యని మనిషి, కూతురి పక్కన నిలబడాలంటే ఎంత ముస్తాబో. చివరికి పైట భుజం చుట్టూ తిప్పుకుని గోడ పక్కన నిలబడి, ఎవరూ చెప్పకుండానే నవ్వింది.

ఏప్రిల్ ఎండ. గోడ ఆరిపోయింది. నేను ఫోనెత్తేసరికి అత్త పక్కన ఉత్త సున్నం తెలుపే ఉంది. ఆవిడ వీపు గోడ వైపు ఉంది కాబట్టి చూడలేదనుకుని, ఫోటో తీసి, అత్తా, ఆరిపోయింది, ఇంకో బకెట్టు తెస్తానుండు అన్నాను. మీసాలాయన అప్పటికే బకెట్టు అందుకున్నాడు.

"వద్దురా," అంది అత్త. "ఎండలో పిల్లని ఎన్నిసార్లు లేపుతావు. పడుకోనీ."

ఆ తర్వాత దగ్గరికొచ్చి ఫోను తీసుకుని, కళ్లజోడు పైకి జరుపుకుని ఫోటో చూసింది. తెల్లగోడ పక్కన నవ్వుతున్న తనని, ఆ తెలుపుని చాలాసేపు చూసి, బాగా వచ్చినాం అంది. అంతే. దారి పొడుగునా నేను వెక్కుతూ తోలాను. ఆవిడ వెనక కూర్చుని, కళ్లు తుడుచుకుని తోలు, లారీలొస్తన్నాయి అని నన్ను కసురుతూ వచ్చింది.

ఎన్నికలయ్యాక ఆ గోడ మీద ఎన్ని పూతలు పడ్డాయో లెక్కలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడే పోయింది. మిగతా బొమ్మల్లో ఒకటీ అరా ఇంకా ఉన్నాయి. అత్త ఆ ఫోటోలన్నీ కాగితాల మీద వేయించుకుంది. వాటిలో సగం చోట్ల తను పిల్లకు అడ్డంగా నిలబడిందని, నన్నెందుకు పెట్టినావురా మధ్యలో అని ఇప్పటికీ నన్నే తిడుతుంది. చట్రం కట్టించుకుని గోడకు పెట్టుకున్నది మాత్రం తెల్లగోడ ఫోటో. వచ్చినవాళ్లు, ఇదేమిటి వదినా, ఖాళీ గోడ పక్కన నిలబడ్డావు అని అడిగితే, మా అమ్మాయి అని చెప్పి మంచినీళ్లకు లోపలికెళ్తుంది.

నాకు తర్వాత రైల్వేలోనే ఉద్యోగం వచ్చింది. కళాకారుణ్ణి అన్న జబ్బు మొదటి జీతంతోనే నయమైంది. ఆ పేజీ ఉందో పోయిందో కూడా చూడలేదు. ఫోన్లు మారాయి గాని, ఆ ఫోటో మాత్రం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నాతోపాటే బదిలీ అవుతూ వచ్చింది. పెళ్లైన కొత్తలో మా ఆవిడ ఫోను తిరగేస్తూ ఇదెవరని అడిగింది. మా అత్త, పక్కన మా మరదలు అని చెప్పి, కథంతా చెప్పాను. ఆవిడ ఆ తెలుపు వంక చాలాసేపు చూసి, కళ్లొత్తుకుని, మీ మరదలు మంచి రంగే అంది. ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. ఉయ్యాల్లో నేను పీకిన జుట్టుకు ఆ పిల్ల ఇన్నాళ్లకు కక్ష తీర్చుకుందేమోనని అద్దంలో చూసుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.